కరెన్ కార్పెంటర్: ప్రపంచమంతా విన్న గొంతు.. 32 ఏళ్లకే ఆగిపోయింది.. ఆ జబ్బును ఎవరూ ఎందుకు పట్టుకోలేకపోయారు?

మీ ఫోన్‌లో రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ఎప్పుడో ఒకసారి ఈ వీడియో తగిలే ఉంటుంది. 1976 నాటి అమెరికన్ టీవీ షో. స్టేజ్ నిండా డ్రమ్ములే. వాటి మధ్యలో ఒకమ్మాయి ఒక సెట్ దగ్గర్నుంచి ఇంకో సెట్ దగ్గరకు తిరుగుతూ, నవ్వుతూ దుమ్ము లేపేస్తుంటుంది. ఎవరీమె అని కామెంట్లలో అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆమె పేరు కరెన్ కార్పెంటర్. అన్న రిచర్డ్‌తో కలిసి 'కార్పెంటర్స్' పేరుతో 1970లలో ప్రపంచాన్ని ఊపేసిన సింగర్. ఆ వీడియోలో అంత హుషారుగా కనిపిస్తున్న అమ్మాయి అప్పటికే ఒక జబ్బుతో పోరాడుతోంది. సరిగ్గా చెప్పాలంటే, అది జబ్బు అని ఆమెకు గానీ, చుట్టూ ఉన్నవాళ్లకు గానీ అప్పటికి తెలియదు. ఆరేళ్లు గడిచాక, 1983లో ఆ జబ్బే ఆమె ప్రాణం తీసింది.

ఆ జబ్బు పేరు అనోరెక్సియా నెర్వోసా. ఇది ఈటింగ్ డిజార్డర్స్‌లో ఒకటి. కరెన్ కథ తెలిస్తే మన ఇళ్లలో, మన ఫ్రెండ్స్‌లో ఇలాంటివి ఎలా కంటికి కనపడకుండా పోతాయో అర్థమవుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ కథనంలో ఆమె బరువు ఎంత, ఏం తినేది, ఏం మానేసింది అనే లెక్కలు కావాలనే ఇవ్వడం లేదు. ఈ సమస్యతో ఉన్నవాళ్లు అలాంటి అంకెలు చదివితే వాటితో పోటీ పడే ప్రమాదం ఉంటుంది.

పీటీ క్లాస్ తప్పించుకోవడానికి డ్రమ్స్!

కరెన్ 1950 మార్చి 2న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, న్యూ హేవెన్‌లో పుట్టింది. నాన్న హెరాల్డ్, అమ్మ ఆగ్నెస్. అన్న రిచర్డ్ ఆమెకంటే మూడేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచే పియానోలో దిట్ట. ఇంట్లో అందరి ఆశలూ అతని మీదే ఉండేవి. అతని మ్యూజిక్ కెరీర్ కోసం కూడా ఆలోచించే ఆ కుటుంబం 1963లో కాలిఫోర్నియాకు మారిపోయింది. లాస్ ఏంజెలిస్ దగ్గర డౌనీ అనే ఊళ్లో స్థిరపడింది.

కరెన్‌కు అప్పుడు సంగీతం మీద కంటే బేస్‌బాల్ మీద ఎక్కువ ఇష్టం. హైస్కూల్లో పీటీ క్లాస్ తప్పించుకోవడానికి మార్చింగ్ బ్యాండ్‌లో చేరింది. మొదట ఆమె చేతికి గ్లాకెన్‌స్పీల్ అనే చిన్న వాయిద్యం ఇచ్చారు. అది నచ్చలేదు. పక్కన డ్రమ్స్ వాయిస్తున్న క్లాస్‌మేట్‌ను చూసి, నేనూ అది వాయిస్తానని పట్టుబట్టింది. ఆ రోజుల్లో అమ్మాయిలు డ్రమ్స్ వాయించడం చాలా అరుదు. కానీ కొన్ని నెలల్లోనే ఆ చేతులు పెద్ద పెద్ద డ్రమ్మర్ల వాయిద్యాన్ని పట్టేశాయి.

1966లో అన్నాచెల్లెళ్లు ఇంకో ఫ్రెండ్‌తో కలిసి హాలీవుడ్ బౌల్‌లో జరిగిన బ్యాండ్ల పోటీలో గెలిచారు. అప్పటికి కరెన్ వయసు 16. పాట కోసం కాదు, డ్రమ్స్ వాయించినందుకు చప్పట్లు కొట్టించుకుంది. తనను తాను ఆమె ఎప్పుడూ డ్రమ్మర్‌గానే చూసుకునేది. పాడటం తర్వాతే.

ఒక్క పాటతో నంబర్ వన్

1969 ఏప్రిల్‌లో హెర్బ్ ఆల్పర్ట్‌కు చెందిన ఏ అండ్ ఎం రికార్డ్స్ కార్పెంటర్స్‌తో ఒప్పందం చేసుకుంది. తొలి ఆల్బమ్ పెద్దగా ఆడలేదు. కానీ 1970లో వచ్చిన 'క్లోజ్ టు యు' పాట అంతా మార్చేసింది. జులైలో అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో నంబర్ వన్‌కు వెళ్లి, నాలుగు వారాలు అక్కడే కూర్చుంది. ఆ వెంటనే వచ్చిన 'వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్' అయితే మొదట ఒక బ్యాంకు యాడ్ కోసం పుట్టిన పాట. కరెన్ గొంతులో అది అమెరికా పెళ్లిళ్లన్నింటిలో మోగే పాట అయిపోయింది.

1971లో బెస్ట్ న్యూ ఆర్టిస్ట్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. 1973లో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన విందులో పాడారు. 'ఎస్టర్‌డే వన్స్ మోర్', 'టాప్ ఆఫ్ ది వరల్డ్' పాటలు జపాన్ నుంచి బ్రిటన్ దాకా మోగిపోయాయి. రికార్డులు కోట్లలో అమ్ముడుపోయాయి. గిటార్లు గట్టిగా మోగుతున్న రాక్ కాలంలో, కింది స్థాయిలో లోతుగా, నెమ్మదిగా పలికే ఆ గొంతును జనం గుండెలకు హత్తుకున్నారు.

డ్రమ్స్ వెనక నుంచి స్టేజ్ ముందుకు

ఇక్కడే కథలో మొదటి మలుపు. కచేరీల్లో కరెన్ డ్రమ్స్ వెనక కూర్చునే పాడేది. ఆమె పొడవు తక్కువ. డ్రమ్ముల వెనక సరిగ్గా కనిపించేది కాదు. ఇంత మంచి గొంతు ఉన్న అమ్మాయి ముందుకొచ్చి నిలబడాలి కదా అని మేనేజర్లు, రివ్యూలు రాసేవాళ్లు ఒత్తిడి చేశారు. ఆమెకు అస్సలు ఇష్టం లేదు. చివరికి ఒప్పుకోక తప్పలేదు. చాలా పాటలకు ఇంకో డ్రమ్మర్ వచ్చాడు. ఆమె మైక్ పట్టుకుని ముందు నిలబడింది.

అంటే నిన్నటిదాకా వాయిద్యం వెనక ఉన్న అమ్మాయి ఒక్కసారిగా వేల కళ్ల ముందు, కెమెరాల ముందు నిలబడాల్సి వచ్చింది. విచిత్రం ఏంటంటే, 1975లో ఒక ప్రముఖ పత్రిక పాఠకుల పోల్‌లో బెస్ట్ డ్రమ్మర్‌గా ఎన్నికైంది ఆమే. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ను కూడా దాటేసింది. కానీ అప్పటికే ఆమె చేతిలోంచి డ్రమ్స్ కర్రలు దాదాపు జారిపోయాయి.

అసలు డైటింగ్ మొదలైంది ఇంకా ముందే. 17 ఏళ్ల వయసులో, టీనేజ్ అమ్మాయిలు చాలామంది చేసినట్టే, డాక్టర్ సలహాతో ఒక డైట్ చేసింది. కొంత తగ్గింది. అక్కడితో ఆగింది. ఐదారేళ్లు ఏ గొడవా లేదు. 1973 ప్రాంతంలో ఒక కచేరీ ఫోటోలో తాను బాగా లేనని ఆమెకు అనిపించింది. ఎక్సర్‌సైజ్ కోసం ట్రైనర్‌ను పెట్టుకుంది. ఫలితం నచ్చలేదు. ట్రైనర్‌ను మాన్పించి, తనంతట తానే తగ్గడం మొదలుపెట్టింది. ఈసారి ఆగలేదు.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఎంత బాగున్నావో అన్నారు. ఈ జబ్బులో అన్నింటికంటే ప్రమాదకరమైన దశ ఇదే. జ్వరం వస్తే ఎవరూ శెభాష్ అనరు. ఇక్కడ మాత్రం జబ్బు మొదలైన రోజునే చప్పట్లు పడతాయి.

అసలు ఇది ఏం జబ్బు?

చాలామంది ఇది ఫ్యాషన్ పిచ్చి, డబ్బున్నవాళ్ల గొడవ అనుకుంటారు. కానే కాదు. 1873లోనే లండన్‌లో సర్ విలియం గల్ అనే డాక్టర్ దీనికి అనోరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టారు. అదే ఏడాది పారిస్‌లో లసేగ్ అనే డాక్టర్ కూడా ఇలాంటి పేషెంట్ల గురించి రాశారు. అప్పటికి ఫ్యాషన్ మ్యాగజైన్ ఫోటోలూ లేవు, టీవీలూ లేవు.

అనోరెక్సియాలో మనిషి తిండిని విపరీతంగా తగ్గించేస్తారు. బరువు పెరుగుతానేమోనన్న భయం మనసును పట్టుకుని వదలదు. ఎముకల గూడులా మారినా అద్దంలో తాము లావుగానే కనిపిస్తున్నామని నమ్ముతారు. బులీమియా ఇంకో రకం. ఆపుకోలేనంతగా తినేయడం, ఆ తర్వాత భయంతో దాన్ని ఎలాగైనా బయటకు పంపేయాలని చూడటం. 1979లో లండన్ సైకియాట్రిస్ట్ జెరాల్డ్ రసెల్ దీన్ని ప్రత్యేక జబ్బుగా వివరించారు. మూడోది బింజ్ ఈటింగ్ డిజార్డర్. ఆపుకోలేక తినడం ఉంటుంది, ఆ తర్వాత సిగ్గు, బాధ ఉంటాయి. వీటిలో చాలావరకు మనిషిని చూసి చెప్పలేం. మామూలు బరువున్నవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు, మగపిల్లలకు కూడా వస్తాయి.

ఇష్టం ఉంటే తినేస్తారు కదా అని అడిగేవాళ్లకు ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద ఒక స్టడీ చేశారు. వాళ్లంతా ఒప్పుకుని వచ్చినవాళ్లే. ఆరు నెలల పాటు వాళ్లకు తిండి దాదాపు సగం చేశారు. ఏమైందో తెలుసా? వాళ్లకు రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదివారు. నలుగురిలో కలవడం మానేశారు. చిరాకు, దిగులు పెరిగిపోయాయి. కడుపు నిండా తిండి పెట్టాక కూడా మామూలు కావడానికి నెలలు పట్టింది. అంటే ఆకలి శరీరాన్నే కాదు, మెదడునూ మార్చేస్తుంది. జబ్బు ఒకసారి పట్టుకున్నాక, బయటపడాల్సిన మనసే బలహీనపడిపోతుంది. మొండితనం అని మనం తిట్టేది చాలాసార్లు ఇదే.

1975.. టూర్లు రద్దు

కరెన్‌కు ఏడాది పొడవునా కచేరీలే. హోటళ్లు, విమానాలు, స్టూడియోలు. తన షెడ్యూల్ తన చేతిలో లేదు. ఏ పాట పాడాలో, ఎలా వాయించాలో ఎక్కువగా అన్న నిర్ణయించేవాడు. పాతికేళ్లు దాటేదాకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంది. తన ప్లేట్ ఒక్కటే పూర్తిగా తన చేతిలో ఉన్నది. ఈ జబ్బు గురించి రాసిన డాక్టర్లు చాలామంది చెప్పేది కూడా ఇదే. బయట ఏదీ అదుపులో లేదనిపించినప్పుడు, తిండిని అదుపు చేయడం ఒక రకం ధైర్యంలా అనిపిస్తుంది. అయితే కారణం ఇదొక్కటే అనలేం. వంశపారంపర్యం, శరీర తత్వం, ఆందోళన, చుట్టూ ఉన్న మాటలు అన్నీ కలుస్తాయి. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం వల్ల ఎవరూ బాగుపడరు.

1975లో ఆమె మంచాన పడేంతగా నీరసించింది. టికెట్లు అమ్ముడైపోయిన బ్రిటన్ టూర్, జపాన్ టూర్ రద్దు చేయాల్సి వచ్చింది. పేపర్లలో అలసట అని రాశారు. స్టేజ్ మీదకు ఆమె నడిచొస్తే ముందు వరుసల్లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడిన సందర్భాలున్నాయి. కొంత విశ్రాంతి తీసుకుంది, కోలుకున్నట్టు కనిపించింది, మళ్లీ పాటలు. మూలం మాత్రం అలాగే ఉండిపోయింది.

అన్నకు ఒక జబ్బు.. చెల్లికి ఒక జబ్బు

అదే సమయంలో రిచర్డ్ నిద్రమాత్రలకు బానిసయ్యాడు. 1979 మొదట్లో కాన్సస్‌లోని ఒక క్లినిక్‌లో చేరి చికిత్స తీసుకున్నాడు. బయటపడ్డాడు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మందులకు బానిస కావడం అప్పటికి అందరికీ తెలిసిన సమస్య. దానికి పేరుంది, క్లినిక్ ఉంది, దారి ఉంది. కరెన్ సమస్యకు పేరు డాక్టర్ల పుస్తకాల్లో ఉంది గానీ, ఇళ్లలో లేదు. మంచి ఉద్దేశంతోనే అందరూ అన్న మాట ఒక్కటే.. కాస్త తినమ్మా అని.

అన్న చికిత్సలో ఉండగా ఆమె న్యూయార్క్ వెళ్లి, ప్రొడ్యూసర్ ఫిల్ రమోన్‌తో తన తొలి సోలో ఆల్బమ్ రికార్డ్ చేసింది. జీవితంలో మొదటిసారి తానే పూర్తిగా నిర్ణయం తీసుకున్న పని అది. 1980లో ఆ ఆల్బమ్‌ను విడుదల చేయకుండా పక్కన పెట్టేశారు. అది బయటకు వచ్చింది 1996లో. అప్పటికి ఆమె చనిపోయి 13 ఏళ్లు. అదే 1980 ఆగస్టులో పెళ్లి చేసుకుంది. కొద్ది కాలానికే అది కూడా విడిపోయే దశకు వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి రెండు దెబ్బలు.

1981 అక్టోబర్‌లో లండన్‌లో బీబీసీ ఇంటర్వ్యూలో యాంకర్ ఆమెను నేరుగా ఈ జబ్బు గురించి అడిగేసింది. కరెన్ అలాంటిదేం లేదని, బాగా అలసిపోయానంతేనని చెప్పింది. ఆ క్లిప్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంది. చూస్తుంటే అబద్ధం చెబుతోందని కోపం రాదు, జాలేస్తుంది. ఎందుకంటే దాచిపెట్టించడం కూడా ఈ జబ్బు లక్షణమే.

సాయం అడిగిన రోజు

అయితే కరెన్ ఊరికే లొంగిపోలేదు. 1982 జనవరిలో, తనకు సాయం కావాలని ఒప్పుకుని న్యూయార్క్ వెళ్లింది. అనోరెక్సియా మీద నవల రాసిన థెరపిస్ట్ స్టీవెన్ లెవెన్‌క్రాన్ దగ్గర చేరింది. హోటల్లో ఉంటూ వారానికి ఐదు రోజులు వెళ్లేది. కోట్ల మంది అభిమానులున్న స్టార్, ఎవరికీ చెప్పుకోలేని విషయాన్ని ఒక గదిలో కూర్చుని చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. 1982లో ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

కానీ శరీరం అప్పటికే బాగా దెబ్బతింది. సెప్టెంబర్‌లో గుండె లయ తప్పడంతో న్యూయార్క్‌లోని లెనాక్స్ హిల్ హాస్పిటల్‌లో చేర్చారు. నరం ద్వారా పోషకాలు ఎక్కించారు. కొన్ని వారాల్లో బరువు పెరిగింది. నవంబర్‌లో ఇక బాగయ్యానంటూ ఇంటికి వచ్చేసింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబర్ 17న తాను గాడ్‌మదర్‌గా ఉన్న పిల్లల స్కూల్లో క్రిస్మస్ పాటలు పాడింది. జనం ముందు ఆమె పాడింది అదే ఆఖరు.

1983 ఫిబ్రవరి 4 ఉదయం డౌనీలో అమ్మానాన్నల ఇంట్లో కుప్పకూలింది. హాస్పిటల్‌కు తీసుకెళ్లినా లాభం లేకపోయింది. 33వ పుట్టినరోజుకు ఇంకా నెల కూడా లేదు. అనోరెక్సియా వల్ల గుండె దెబ్బతినడమే కారణమని పోస్ట్‌మార్టం తేల్చింది.

తూకం పెరగడం వేరు.. కోలుకోవడం వేరు

ఈ కథలో మనం నేర్చుకోవాల్సిన పాఠం ఇక్కడే ఉంది. అందరూ తూకం చూశారు. ముల్లు పైకి వెళ్లింది కాబట్టి గండం గడిచిందనుకున్నారు. కానీ ఏళ్ల తరబడి ఆకలితో ఉన్న శరీరంలో గుండె కండరం సన్నబడుతుంది. పొటాషియం లాంటి లవణాలు తగ్గితే గుండె లయ తప్పుతుంది. అందుకే బాగా చిక్కిపోయినవాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టేయడం కూడా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇది డాక్టర్ల పర్యవేక్షణలో, టెస్టులు చేస్తూ, మెల్లగా జరగాల్సిన పని.

ఇక మనసు సంగతి. బరువు వారాల్లో రావొచ్చు. అద్దంలో కనిపించే భయం పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మధ్యలో వెనక్కి జారడం మామూలే. జారారంటే ఓడిపోయినట్టు కాదు.

కరెన్ మరణం తర్వాతే అమెరికాలో పేపర్లు, టీవీలు ఈ జబ్బు పేరును పదే పదే పలికాయి. ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులు మా అమ్మాయికీ ఇదేనా అని డాక్టర్ల దగ్గరకు పరిగెత్తారు. ఆమె పేరుతో కుటుంబం ఒక ఫౌండేషన్ పెట్టి, ఈటింగ్ డిజార్డర్స్ మీద పరిశోధనకు సాయం చేసింది.

ఆమెకు అందనిది, ఇప్పుడు ఉన్నది ఏంటంటే.. లండన్‌లోని మాడ్స్‌లీ హాస్పిటల్‌లో 1980లలో రూపుదిద్దుకున్న ఫ్యామిలీ చికిత్స. టీనేజ్ పిల్లల విషయంలో తల్లిదండ్రులను పక్కన పెట్టకుండా, మొదట్లో భోజనం బాధ్యత వాళ్లకే అప్పగిస్తారు. బిడ్డ కుదుటపడే కొద్దీ ఆ బాధ్యతను మెల్లగా బిడ్డకే తిరిగి ఇస్తారు. పెద్దవాళ్లకు, బులీమియా ఉన్నవాళ్లకు సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తోంది. సైకియాట్రిస్ట్, ఫిజీషియన్, డైటీషియన్ ముగ్గురూ కలిసి చూస్తారు. పూర్తిగా కోలుకుని ఉద్యోగాలు, పిల్లలు, పండగలతో మామూలుగా బతుకుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇంట్లో వాళ్లు ఏం గమనించాలి?

భోజనం టైమ్‌కి ఏదో ఒక సాకు చెప్పడం. బయటే తిన్నానని తరచూ అనడం. తినగానే ప్రతిసారీ బాత్రూమ్‌లోకి వెళ్లిపోవడం. ఎండాకాలంలో కూడా చలి అంటూ వదులు బట్టలు వేసుకోవడం. ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవడం. కళ్లు తిరగడం, జుట్టు రాలడం. అందరికీ ప్రేమగా వండిపెట్టి తాను మాత్రం ముట్టకపోవడం. ఇందులో ఏదో ఒకటి కనిపించిందని కంగారు పడొద్దు. కొన్ని కలిసి కనిపిస్తే మాత్రం ఆగొద్దు.

మాట్లాడేటప్పుడు ఒంటి గురించి ఎత్తకండి. మన దగ్గర గుమ్మంలో అడుగు పెట్టగానే చిక్కిపోయావేంటి, లావయ్యావేంటి అనడం పలకరింపు అయిపోయింది. పెళ్లిచూపులకు ముందు తగ్గాలి అనే మాట సరేసరి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు చిక్కిపోయావు అనేది మెచ్చుకోలులా వినిపిస్తుంది, ఒళ్లు చేశావు అనేది శాపంలా వినిపిస్తుంది. కంచం ముందు బలవంతాలు, ఒట్లు వేయించడాలు పనిచేయవు. నువ్వు ఈ మధ్య నలుగురిలోకి రావట్లేదు, నాకు దిగులుగా ఉంది, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్దాం అని చెప్పి చూడండి. మొదటిసారి కాదంటారు. మళ్లీ అడగండి.

కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఛాతీలో నొప్పి ఉంటే అది మాటలతో తేలే విషయం కాదు. వెంటనే హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఆ 1976 వీడియో మళ్లీ కనిపిస్తే ఈసారి ఆమె ఎంత సన్నగా ఉందో చూడకండి. చేతులు చూడండి. ఒక్క దెబ్బ కూడా తప్పకుండా తాళం పడుతున్న ఆ చేతులు చూడండి. ఆమె తనను గుర్తుపెట్టుకోమని కోరుకున్నది డ్రమ్మర్‌గానే.